తెలుగునాట వానయెఱుక: పంచాంగము, వరదగుడి, కార్తె

వానను గూర్చి తెలుగువారు తరతరములుగా చెప్పుకొను మాటలన్నిటిని ఒకే రాశిగా పోసి, దానికి వర్షవిజ్ఞానమని పేరిడుట మన వ్యాసములలో వాడుకయైనది. ఆ రాశిని మెచ్చువారు అదంతయు ప్రాచీనశాస్త్రమే యందురు. ఈసడించువారు అంతయు మూఢవిశ్వాసమే యందురు. ఇరుదెఱగులవారును రాశిని విప్పి చూడరు. విప్పినచో అందు మూడు వేఱ్వేఱు వస్తువులు కనబడును. ఒకటి ఉగాదినాడు పంచాంగశ్రవణమున వినబడు సంవత్సరవర్షఫలము. రెండవది ఆకాశమును, గాలిని, చీమను, కప్పను చూచి నేడో రేపో వాన యని చెప్పు గుఱుతులు. మూడవది కార్తెలను బట్టి పుట్టిన సామెతలు. వీని పుట్టుక వేఱు, పని వేఱు, నిజానిజములను పరీక్షించు తీరు వేఱు. మూడవదానిని గూర్చి ఈ వ్యాసమున కొంత విపులముగా చెప్పదలచితిని. ఏలయన కార్తె సామెతలను వర్షసూచనలుగా చదువు అలవాటు మనలో బలపడినది. వానిలో ముఖ్యమైనవి పెక్కు వాన వచ్చునని చెప్పవు. వచ్చిన వానకు, రాని వానకు పంట యేమగునో చెప్పును. ఈ భేదము చిన్నది కాదు.

మొదట పంచాంగమును చూతము. సంవత్సరమునకు నవనాయకులు కలరు. అందు మేఘాధిపతి సూర్యుడు ఆర్ద్రానక్షత్రమున ప్రవేశించిన వారమునకు అధిపతియైన గ్రహము. ఆదివారమైన రవి, సోమవారమైన చంద్రుడు, ఇట్లు ఏడుగురిలో ఒకడు ఆ యేటి మేఘములకు ప్రభువగును. దీనికి తోడు ఆవర్తము, సంవర్తము, పుష్కరము, ద్రోణము అను నాలుగు మేఘములు కలవు. కృషిపరాశరమను గ్రంథమున వీనిని తెలియు మార్గము చెప్పబడినది: శకవర్షసంఖ్యకు మూడు కలిపి నాలుగుచే భాగింపగా మిగిలిన శేషమును బట్టి ఆ యేటి మేఘము నిర్ణయమగును. ఆవర్తము ఒకచోట కురియును, సంవర్తము అంతట కురియును, పుష్కరమున నీరు కొఱత, ద్రోణమున నీరు మెండు. ఈ లెక్క ప్రకారము ప్రతి నాలుగవయేడును ఒకే మేఘము తిరిగి రావలెను. అంతకంటె ముఖ్యమైన లోపము మఱియొకటి యున్నది. సూర్యుడు ఆర్ద్రలో ప్రవేశించు క్షణము అనంతపురమునకును శ్రీకాకుళమునకును ఒక్కటే. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేలకును, అంతకు రెట్టింపు పడు నేలకును ఒకే ఫలము చెప్పు విధానము స్థానికసూచన కానేరదు. పంచాంగఫలము సంవత్సరారంభమున గ్రామమంతయు ఒకచోట గూడి విను మంగళవాక్యమని గ్రహించిన దాని గౌరవము దానికుండును. ఈ వ్యాసమున దానితో ఇక పనిలేదు.

వరాహమిహిరుని బృహత్సంహితలో పరిస్థితి ఇంత సులభము కాదు. ఆఱవ శతాబ్దికి చెందిన ఆ గ్రంథమున వర్షమునకు సంబంధించిన అధ్యాయములు వరుసగా పెక్కు కలవు. మేఘము గర్భము ధరించుననియు, మార్గశీర్షము మొదలు కనబడు గర్భలక్షణములను బట్టి 195 దినములకు అది ప్రసవించి వర్షించుననియు అందు చెప్పబడినది. భావన రమ్యమైనది. కాని గాలిలోని నీటియావిరి సగటున తొమ్మిది పది దినములకు మించి గాలిలో నిలువదని నేటి వాతావరణశాస్త్రము నిర్ధారించినది. మార్గశీర్షమున చూచిన మబ్బు ఆషాఢశ్రావణముల వానకు తల్లి కాజాలదు. ఇట్లని బృహత్సంహితను మూసిపెట్టరాదు. కొన్ని పుటల తరువాత సద్యోవృష్టిలక్షణమను అధ్యాయము వచ్చును. అప్పటికప్పుడు వాన పడుటకు గుఱుతులు అందు చెప్పబడినవి: ఉప్పు చెమ్మగిల్లుట, గాలి నిలిచిపోవుట, ఆకాశము కాకిగ్రుడ్డు వన్నెగానుండుట, చేపలు ఒడ్డునకు ఎగురుట, కప్పలు మాటిమాటికి అఱచుట, చీమలు గ్రుడ్లతో తావు మార్చుట. ఇవి పంచాంగపు లెక్కలు కావు. కన్ను, చెవి, చర్మము కలిసి చేసిన పరిశీలన. వంటింటి ఉప్పు గాలిలో తేమ నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించినపుడు నీరు పీల్చి కరుగనారంభించునని రసాయనశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనగా ఉప్పుకుండ ఒక తేమమానము. దానిని ప్రతిదినము తెఱచి చూచునది వంటచేయు ఇల్లాలు. మనవారి వానయెఱుకలో స్త్రీల పాలు ఎంతయో తెలియుటకు ఇట్టి గుఱుతులను ఎవరు చూచి చెప్పగలరో విచారించుట మంచిది. ఆ పని మన పరిశోధకులు ఇంకను గట్టిగా చేపట్టవలసియున్నది.

ఈ రెండవ తరగతికి చెందినదే తెలుగున వరదగుడి యను మాట. సూర్యచంద్రుల చుట్టు కట్టు వలయమును సంస్కృతమున పరివేషమందురు. అది ఆకారమును మాత్రమే చెప్పు పేరు. వరదగుడి యన్నపుడు రాబోవు నీటి మాట పేరులోనే చేరినది. చూచుటయు సూచించుటయు ఒకే పదమున ఇమిడినవి. పల్లెలలో ఇంకొక మాట కలదు. గుడి చంద్రునికి దగ్గఱగా కట్టినచో వాన దూరమనియు, దూరముగా కట్టినచో వాన దగ్గఱయనియు దాని భావము. పైకి మాటల చమత్కారముగా తోచును. కాని అందు నిజమైన భేదమొకటి దాగియున్నది. చంద్రుని అంటిపెట్టుకొని యుండు చిన్నవలయము పలుచని మబ్బులోని నీటిబిందువులవలన కలుగును. అట్టి మబ్బు నిలకడగానున్న వాతావరణమునను ఏర్పడును. చంద్రునికి ఇరువదిరెండు డిగ్రీల దూరమున కట్టు పెద్దవలయము మిగుల ఎత్తున, మంచుకణములతో నిండిన పలుచని తెరమబ్బువలన కలుగును. సముద్రముమీద వాయుగుండము బలిసినపుడు దాని తలపై నుండి ఇట్టి తెరమబ్బు వందల మైళ్లు ముందుగా ప్రాకివచ్చును. కావున పెద్దగుడి కనబడిన తరువాత దినములో రెండు దినములలో వాన పడుటకు అవకాశము హెచ్చు. ప్రతి పెద్దగుడి వెనుకను వాన రాదు. వాయుగుండము ప్రక్కదారి పట్టినచో తెరమబ్బు మాత్రము మన నెత్తిమీద నిలుచును. ఐనను రెండు వలయములను వేఱుపఱచి, వానికి వేఱుఫలములు చెప్పిన కన్ను సామాన్యమైనది కాదు.

ఇక మూడవది. ఇచటనే ఎక్కువసేపు నిలువవలసియున్నది.

సూర్యుడు ఒక నక్షత్రమున ఉండు కాలము కార్తె. ఏటికి ఇరువదియేడు కార్తెలు, ఒక్కొక్కటి పదుమూడు లేక పదునాలుగు దినములు. నేటి లెక్కలో మృగశిర సుమారు జూన్ 8న, ఆరుద్ర జూన్ 22న, మఖ ఆగస్టు 17న, పుబ్బ ఆగస్టు 31న, హస్త సెప్టెంబరు 27న, స్వాతి అక్టోబరు 24న ప్రవేశించును. పండుగలకు, వ్రతములకు, పెండ్లిండ్లకు చాంద్రమాసమును పాటించు రైతు సేద్యమునకు మాత్రము దానిని విడిచి కార్తెను పట్టుకొనుటకు కారణమేమి? అధికమాసము వచ్చి పోవుచుండుటచే చాంద్రమాసము ఋతువునకు ఇంచుమించు నెలదాక ముందువెనుకలగును. కార్తె సూర్యునిది గనుక ఏటేట ఆ దినమునకే వచ్చును. ఒకే మనిషి రెండు కాలమానములను రెండు పనులకు ఏర్పఱచుకొని తరతరములుగా తడబడక నడపెను. వ్యవసాయచరిత్ర వ్రాయువారు ఈ విషయమును తగినంతగా గమనింపలేదు.

సామెతలకు వత్తము. రోహిణి ఎండకు రోళ్లు పగులుననుట ఆ కార్తె స్వభావమును చెప్పును, సూచన కాదు. మృగశిరలో నాలుగు చినుకులు పడినచో ముసలియెద్దు సైతము రంకె వేయుననుట పశుగ్రాసము చిగురించు సంగతి. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదనుట పంటఫలము. మఖ, పుబ్బ కార్తెలలో వరుపు పట్టినచో గొప్ప కఱవనుట మఱింత స్పష్టమైన పంటఫలము. ఈ మాటల నిర్మాణమును గమనింపుడు. కురిసినచో, వరుపైనచో అను షరతు ముందున్నది. ఫలము తరువాత వచ్చుచున్నది. ఆరుద్రలో వాన పడునా పడదా యని ఆ సామెత ఎచటను చెప్పదు. పడినదో లేదో చూచుకొనుట రైతువంతు. పడిన తరువాత ఏమిచేయవలెనో, ఏమి ఆశింపవచ్చునో చెప్పుట సామెతవంతు. ఆగస్టు మధ్యనుండి సెప్టెంబరు మధ్యవఱకు వానకారు పైరు పొట్టకు వచ్చు అదను. అప్పుడు నేల ఎండినచో ఆ తరువాత ఎంత కురిసినను గింజ పాలుపోసికొనదు. మఖాపుబ్బల సామెతలో ఉన్నది ఈ సస్యశాస్త్రమే. దానిని వర్షసూచనగా భావించి, ఫలానా యేడు మఖలో వాన పడలేదు గనుక సామెత తప్పినదనుటయు, పడినది గనుక ఋజువైనదనుటయు రెండును అసంబద్ధములు.

రైతులు అదను, పదను అను రెండు మాటలను జంటగా వాడుదురు. అదను కాలము, పదను నేలలోని తడి. కార్తె అదనును నిర్ణయించును. పదను వాననుబట్టి కలుగును. రెండును కూడిననాడే విత్తు. ఈ జంటపదమును మనస్సున నుంచుకొని చదివినచో కార్తె సామెతలు చాలవఱకు తమంతట తామే విడివడును.

మఱి ఈ సామెతలు ఎంత ప్రాచీనములు? భాషనుబట్టి తేల్చుట కష్టము. సామెత నోటినుండి నోటికి పోవునపుడు భాష మాఱుచుండును. 1868లో మదరాసున వెలువడిన కార్ దొర ఆంధ్రలోకోక్తిచంద్రిక మొదలైన సంకలనములు అచ్చయిన కాలమును మాత్రమే చెప్పగలవు. కాని ఖగోళమున మనకొక ఆధారమున్నది. కార్తె నక్షత్రములను బట్టి నడచును. ఋతువు అయనమును బట్టి నడచును. ఈ రెంటి నడుమ సుమారు అఱువది డెబ్బదియేండ్లకొక దినము చొప్పున తేడా పెరుగుచుండును. వరాహమిహిరుడు తన కాలమున దక్షిణాయనము కర్కాటకారంభమున, అనగా పునర్వసు నాలుగవ పాదమున జరుగుచున్నదని స్పష్టముగా చెప్పెను. నేడు ఆ యయనము జూన్ 21న, ఆరుద్ర ప్రవేశమునకు ఒకనాడటునిటుగా జరుగుచున్నది. అనగా నాటికిని నేటికిని కార్తెలు ఋతువునుండి ఇరువదిమూడు ఇరువదినాలుగు దినములు జరిగినవి. వరాహమిహిరుని నాటి మృగశిర మే నెల నడుమ వచ్చెడిది. అది నేటి కృత్తికయెండల కాలము. నన్నయనాటికి మే చివరివారము. కృష్ణదేవరాయల కాలమునకు మే చివర, జూన్ మొదట. నైరృతి ఋతుపవనము తెలుగునేలపై అడుగిడునది జూన్ మొదటి పక్షమున గనుక, మృగశిరతో తొలకరిని జోడించు సామెతలు ఋతువుతో చక్కగా పొందుట గడచిన నాలుగైదు శతాబ్దులలోనే యని చెప్పవచ్చును. ఋతుపవనము ఏటేట వారము పదిదినములు ముందువెనుకలగును గనుక ఈ లెక్కను శతాబ్దికి కుదించి చెప్పరాదు. ఐనను వేదకాలమునుండి వచ్చుచున్నవని వీనిని గూర్చి సభలలో చెప్పు మాట నిలువదు. సామెతలే ఎప్పటికప్పుడు ఒక కార్తెనుండి వేఱొక కార్తెకు మార్చుకొనబడినవనియు ఊహింపవచ్చును. అదియే నిజమైనచో రైతు మన పండితులకంటె మెలకువగానుండెననియే చెప్పవలెను. పండితుడు మేఘాధిపతిని నాటికిని నేటికిని ఆర్ద్రాప్రవేశమునకే కట్టివేసి యుంచెను.

షరతును ముందుంచి పంటను నిర్ణయించు పద్ధతికి శాస్త్రగ్రంథములలోను పూర్వరూపము కలదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున కోష్ఠాగారమునందు అరత్ని వెడల్పు మూతిగల కుండమును వర్షమానముగా నిలుపవలెనని యున్నది. సీతాధ్యక్షప్రకరణమున ప్రాంతములవారీగా వర్షప్రమాణములు ద్రోణములలో చెప్పబడినవి: జాంగలములకు పదునాఱు, అనూపములకు దానికి ఒకటిన్నర రెట్లు, అవంతికి ఇరువదిమూడు. వాన కొలత చూచుకొని ఎక్కువనీటి పైరో తక్కువనీటి పైరో విత్తింపవలెనని సీతాధ్యక్షునికి విధి. ముందుగా గ్రహములను బట్టి చెప్పు మాటలు అందునను కొన్ని కలవు. కాని విత్తనపు నిర్ణయము కుండలోని నీటిమీద నిలిచినది. మన సామెత నడకయు ఇదియే.

ఆ పట్టికలో మనకు దగ్గఱి పేరొకటి యున్నది: అశ్మకము. దానికి చెప్పిన కొలత అర్ధత్రయోదశము. శామశాస్త్రిగారు దీనిని పదుమూడున్నరగా అనువదించిరి. సంస్కృతమున అర్ధతృతీయమనగా రెండున్నర గనుక అర్ధత్రయోదశము పండ్రెండున్నర కావలెనని నాకు తోచును. ఏదియైనను అవంతి కొలతలో సగమునకు కొంచెమెక్కువ. అశ్మకరాజధానియైన పోతనము నేటి నిజామాబాదు మండలములోని బోధనమేయని మన చరిత్రకారులు పలువురు వ్రాసిరి. వానలెక్క ఇచట ఒక చిక్కు తెచ్చిపెట్టుచున్నది. నిజామాబాదు ప్రాంతమున నేటి సగటు సుమారు వేయి మిల్లీమీటర్లు. అవంతికి నడుబొడ్డయిన ఉజ్జయినిలో సుమారు తొమ్మిదివందలు. బోధనమే అశ్మకహృదయమైనచో దాని కొలత అవంతితో సమానముగానైనను ఉండవలసినది. సగమునకు దిగు వాన గోదావరికి ఎగువన, పడమటి కనుమల చాటుననున్న అహమదునగరము, నేటి అహిల్యానగర్, ప్రాంతమున కనబడును. అచటి సగటు ఆఱువందలకు లోబడియుండును. కౌటిలీయమున ఈ కొలతలు విత్తులతో ముడివడి చెప్పబడినవి గనుక అవి ఏటి మొత్తపు వర్షము కాకపోవచ్చును. రెండువేల యేండ్లలో వాన తీరు మాఱియుండవచ్చును. కావున ఈ యొక్క లెక్క బోధనపు సమీకరణమును కొట్టివేయజాలదు. కాని ఆ సమీకరణమును వ్రాయువారు వానను గూడ లెక్కలోనికి తీసికొని సమాధానము చెప్పవలసియుండును. శాసనములకును పాళీగ్రంథములకును పరిమితమైన చర్చకు ఇది మూడవ సాక్షి.

తెలుగురైతునకు ద్రోణముతో పనిలేదు. ఆతడు వానను పదనుతో కొలుచును. నాగలి ఎంతలోతు దిగునో, మట్టి పిడికిట ముద్దకట్టునో రాలిపోవునో చూచి దుక్కిపదను అయినదో లేదో చెప్పును. కుండలోని నీరు ఆకాశమునుండి ఎంత పడినదో చెప్పును; పదను నేల ఎంత త్రాగినదో చెప్పును. ఒకే వానకు నల్లరేగడిలో ఒక పదను, ఎఱ్ఱచెల్కలో ఇంకొకటి. పైరునకు కావలసిన లెక్క రెండవదే. నేటి వ్యవసాయశాస్త్రజ్ఞులు సైతము వర్షపాతముతో పాటు నేలతేమను విడిగా కొలుచుచున్నారు.

వానకు పేర్లు పెట్టుటలోను ఈ నేలవైపు చూపే కనబడును. 1803లో ప్రకటితమైన వ్యాసమున ల్యూక్ హవర్డు అను ఆంగ్లేయుడు మేఘములను ఆకారమును బట్టి వర్గీకరించి లాటిన్ పేర్లు పెట్టెను: ఈకలవంటిది, కుప్పవంటిది, పొరవంటిది, వానమబ్బు. నేటి పదిజాతుల విభాగమునకు పునాది అదియే. మన పంచాంగము మేఘములను శకవర్షపు శేషముతో విభజించెనని పైన చూచితిమి. వాడుకతెలుగున మేఘమునకు పేర్లు కొలదిగనే యున్నవి: మబ్బు, మొయిలు, కారుమబ్బు, తెలంగాణమున మొగులు. వానకు మాత్రము పేర్లు పుష్కలము: చినుకు, తుంపర, జల్లు, జడి, ముసురు, గాలివాన, వడగండ్లవాన. అనగా తెలుగువాడు పైనున్న ఆకారముకంటె క్రిందపడు తీరును గట్టిగా పట్టించుకొనెను. ఈ పేర్లు పర్యాయపదములు కావు. నిఘంటువులు వానిని పర్యాయములుగా చేర్చి తెలుగునకు అన్యాయము చేసినవి. ముసురు పొరమబ్బునుండి తెఱపిలేక సన్నగా పడునది, వాయుగుండము దేశముమీద నిలిచిననాటిది. జల్లు కుప్పమబ్బునుండి దిడీలున పడి దిడీలున వెలియునది. తుంపర చినుకుకంటె సన్నని బిందువులది. ప్రపంచమంతటను వాతావరణకేంద్రములు నేడు తమ నమోదులలో ఈ మూడింటిని మూడు వేఱు సంజ్ఞలతో గుఱించుచున్నవి. అనువాదకులు ఇట్టి చోట్ల సంస్కృతసమాసములను కూర్పనక్కఱలేదు. మాటలు సిద్ధముగానే యున్నవి.

ఈ భేదములకు మూలము మేఘగర్భముననే కలదు, వరాహమిహిరుడు చెప్పిన గర్భము కాదు గాని. మబ్బులోని నీటిబిందువు మిగుల సూక్ష్మము. వ్యాసార్ధము మిల్లీమీటరులో నూఱవవంతు. మిల్లీమీటరు వ్యాసార్ధముగల చినుకొకటి కావలెనన్న అట్టివి పదిలక్షలు కలియవలెను. కలియుటకు రెండు మార్గములు. ఎత్తైన మబ్బుతలలో మంచుకణములు చుట్టుపట్ల ఆవిరిని లాగికొని పెరిగి, దిగునపుడు కరిగి చినుకులగును. 1930 నాటి దశకమున బెర్జెరాను, ఫిండైసెనులు దీనిని వివరించిరి. రెండవది ఉష్ణదేశములలో ముఖ్యమైనది: మంచుతో పనిలేకయే పెద్దబిందువు చిన్నవానిని ఢీకొని తనలో కలుపుకొనుచు పెరుగుట. మబ్బు పలుచనైనచో బిందువు ఎక్కువ పెరుగక తుంపరగా రాలును. మబ్బు ఎత్తుగానుండి లోపలి గాలి బలముగా పైకెగయునదైనచో చినుకు లావగును. ఆ గాలి మంచుకణమును మరల మరల పైకెత్తినచో పొరలు పొరలుగా మంచు పట్టి వడగల్లగును. వేసవిలో మామిడికాయ రాల్చు వాన ఈ తరగతిది.

కన్ను ఎంత మెలకువగలదైనను దాని చూపునకు ఎల్లయున్నది. తూర్పుతీరము ఆ యెల్లను పలుమాఱులు చవిచూచినది. 1789 డిసెంబరులో కోరంగిని ఉప్పెన ముంచెను. 1839 నవంబరులో మరల అదియే జరిగెను. కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను ఓడల దినచర్యలను సేకరించి ఈ తుపానులను పరిశీలించి, గాలి పాముచుట్టవలె తిరుగుచున్నదని చూపి, గ్రీకుభాషనుండి సైక్లోన్ అను పదమును కల్పించెను. 1848లో అచ్చయిన ఆతని గ్రంథముతో అది లోకమున వ్యాపించెను. నేడు ప్రపంచమంతయు వాడు ఆ పదముయొక్క పుట్టుకలో మన కోరంగికి పాలున్నదని విద్యార్థులకు చెప్పదగును. 1864 నవంబరు 1న, స్వాతికార్తెలో, బందరును ఉప్పెన ముంచినపుడు సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. అంతకు నెలముందు కలకత్తాను తుపాను పాడుచేసెను. ఆ తుపాను, దాని తరువాతి 1866, 1871 సంవత్సరముల అనావృష్టి కలిసి 1875లో భారతవాతావరణశాఖ పుట్టుకకు కారణమైనవని చరిత్రలలో వ్రాయుదురు. కలకత్తా పేరు ముందు వచ్చును, బందరు పేరు తఱచుగా రానేరాదు.

శాఖకు మొదటి అధికారియైన బ్లాన్‌ఫోర్డు హిమాలయపు మంచునుబట్టి ఋతుపవనమును ముందుగా చెప్ప యత్నించెను. 1904లో వచ్చిన గిల్బర్టు వాకరు దూరసముద్రములపై గాలిబరువుల హెచ్చుతగ్గులకును మన వానకును సంబంధము గణితముచే చూపెను. వీరి యత్నమంతయు ఒక్క సంగతిని బయలుపఱచినది: మన ఊరివాన మన ఊరి ఆకాశమున పుట్టినది కాదు. వరదగుడి చెప్పగలిగినది ఒకటి రెండు దినములమాట. అదియు తుపాను ఎక్కడ తీరము దాటునో, సముద్రమెంత పైకి లేచునో చెప్పదు. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేలమంది ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినపుడు దాని దారి ముందే తెలిసి లక్షలమందిని తరలింపగలిగిరి. ఉపగ్రహము, రాడారు, గణనయంత్రము చేసిన మేలు ఇది. దీనిని కార్తె సామెతలతో పోటీపెట్టుట తగదు; అవి ఈ పనికై పుట్టినవి కావు.

వాతావరణశాఖవారు తెలుగునేలను మూడు ఉపమండలములుగా విభజించిరి: తెలంగాణము, రాయలసీమ, యానాముతో కూడిన కోస్తాంధ్రము. సామెతలు సేకరించు విద్యార్థులు కనీసము ఈ విభాగమునైనను పాటించి, ప్రతి సామెతకు అది విన్న ఊరు, అచటి నేల, పైరు వ్రాసికొనినచో ఎంతయో మేలు. మన అచ్చుసంకలనములలో అకారాదిక్రమమున కార్తెల వరుస చెదరినది, ఊరి పేరు జాఱిపోయినది. ఐతే మూడు విభాగములును చాలవు. నెల్లూరు కోస్తాంధ్రమున చేరియున్నది. కాని అచట ఏటివానలో సగమునకు మించినది అక్టోబరునుండి డిసెంబరువఱకు, ఈశాన్యపుగాలితో, స్వాతి విశాఖ కార్తెల పరిసరమున వచ్చును. తెలంగాణమున ఐదింట నాలుగుపాళ్లు జూన్ సెప్టెంబరుల నడుమనే ముగియును. మఖాపుబ్బల వరుపు తెలంగాణమున నిజముగా కఱవు. నెల్లూరులో ఆ కార్తెలనాటికి ముఖ్యమైన వాన ఇంకను మొదలే కాలేదు. అచటివారును ఈ సామెతను చెప్పుదురేని, అది ఏ చెఱువుక్రింద, ఏ పైరును గూర్చి చెప్పుచున్నారు? ఉత్తరమునుండి వలసవచ్చిన కుటుంబములతో వచ్చినదా? లేక వారు స్వాతిని పెట్టి వేఱొక సామెత చెప్పుకొనుచున్నారా? నెల్లూరునుండి ఒంగోలుదాక ఊరూర అడిగినగాని ఇది తేలదు.